పాత బండికి ఆయిల్ కారడం మామూలే అంటారు, ఈ పైపు సంగతి వేరు

డ్రైవ్‌వే మీద మొదటి చుక్క ఫిబ్రవరిలో కనపడింది. నల్లగా, పాత అర్ధరూపాయి బిళ్ళంత. మర్నాటికి మూడయ్యాయి. ఆ వారాంతం ఇంటికొచ్చిన స్నేహితుడికి చూపిస్తే, "ఇరవై ఏళ్ళు దాటిన బండి కదా, ఆ మాత్రం కారదా?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. బండి కింద ఒక అట్టముక్క పరిచి ఊరుకున్నాను.

ఆ మాట నమ్మినందుకు ఏప్రిల్‌లో ఇంజన్ పోగొట్టుకోవాల్సింది. వెంట్రుకవాసిలో తప్పింది. అందుకే రాస్తున్నాను. పాత బండికి కారే ఆయిల్ అంతా ఒక్క రకం కాదు. వాల్వ్ కవర్ గ్యాస్కెట్ (ఇంజన్ పైమూత కింద ఉండే సీలు) దగ్గర చెమ్మ పట్టినట్టు ఊరే ఆయిల్‌తో ఏళ్ళ తరబడి బతకొచ్చు, నెలకోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూసుకుంటే చాలు. ఆయిల్ కూలర్ పైపు కారితే మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకూడదు. దానికి క్లిప్పు వెయ్యకూడదు, టేపు చుట్టకూడదు, మార్చేయాలి. నా గట్టి అభిప్రాయం ఇది. ఎందుకో చెప్తాను.

మా బండి 2004 షెవ్రోలే టాహో, 5.3 లీటర్ల వీ8. ఉంటున్నది డాలస్ పక్కన అర్వింగ్‌లో. ఈ బండి మాకు అరగంట దూరంలో ఉన్న ఆర్లింగ్‌టన్ ఫ్యాక్టరీలోనే తయారైంది. విన్ నంబరులో, అంటే బండి గుర్తింపు సంఖ్యలో, 11వ అక్షరం 'ఆర్' అని ఉంటే ఆర్లింగ్‌టన్‌లో పుట్టినట్టు, 'జె' అని ఉంటే విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్‌లో. మాది 'ఆర్'. పిల్లలిద్దరూ ఇందులోనే పెరిగారు. మా అమ్మానాన్నలు వచ్చిన ప్రతిసారీ ఎయిర్‌పోర్టు నుంచి ఇందులోనే ఇంటికొచ్చారు. అమ్మేసి కొత్తది తీసుకోమని చెప్పేవాళ్ళకి కొదవ లేదు. నాకు అమ్మాలని లేదు, అంతే. ఇంకో మాట. ఈ పైపు కారడంలో తయారుచేసినవాళ్ళ తప్పు వెతకడం నా ఉద్దేశం కాదు. టెక్సస్ ఎండలో, ఇంజన్ వేడి పక్కన, ఇరవై ఏళ్ళు మగ్గిన రబ్బరు అది. చేయాల్సిన దానికంటే ఎక్కువే చేసింది.

ముందుగా ఆ పైపులు చేసే పనేమిటో చెప్పాలి. ఇంజన్ కింద ఛాంబర్ అనే తొట్టిలో ఉన్న ఆయిల్‌ని పంపు పీల్చి, ఒత్తిడితో పైకి తోస్తుంది. టాహోలాంటి బరువు లాగే బళ్ళలో ఆ ఆయిల్ బాగా వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లబరచడానికి ఒక కూలర్ పెడతారు. మా బండిలో అది రేడియేటర్ ఎడమవైపు ట్యాంకు లోపలే ఉంటుంది. కుడివైపు ట్యాంకులో గేర్‌బాక్సుది ఇంకోటి. ఇంజన్ ఆయిల్ ఛాంబర్ ఎడమ పక్క నుంచి ఒక పైపులో రేడియేటర్‌కి వెళ్ళి, కూలెంట్ చుట్టూ పారే చోట చల్లబడి, రెండో పైపులో వెనక్కి వస్తుంది. రెండు చివర్లూ లోహం, మధ్యలో రబ్బరు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఊగుతుంటుంది, రేడియేటర్ బాడీకి బిగించి ఉంటుంది. ఆ కదలికని తట్టుకోవడానికే మధ్యలో రబ్బరు పెట్టారు. రబ్బరు, లోహం కలిసే చోట ఒక లోహపు తొడుగు వేసి మిషన్‌తో నొక్కేస్తారు. దాన్నే క్రింపు అంటారు. కారేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

వాల్వ్ కవర్ దగ్గర కారే ఆయిల్ వెనక ఏ తోపుడూ ఉండదు, దాని బరువుకి అది జారుతుంది. కూలర్ పైపులో ఆయిల్‌ని పంపు తోస్తూనే ఉంటుంది. మా డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ మీటరు 0 నుంచి 80 దాకా ఉంటుంది, మామూలుగా సూది 40 పీఎస్ఐ దగ్గర నిలబడుతుంది. అంటే కారు టైరులో ఉండే గాలికంటే కాస్త ఎక్కువ ఒత్తిడి, ఆ ముసలి క్రింపు మీద, బండి నడిచినంతసేపూ. ఇవాళ చుక్క పడుతున్న చోట రేపు చిమ్మదని చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు. ఫిల్టర్‌తో కలిపి ఇంజన్‌లో పట్టేది 6 క్వార్టులు, అంటే ఐదున్నర లీటర్ల పైచిలుకు. పైపు ఊడిపోతే అదంతా రోడ్డు మీదకి పోవడానికి నిమిషాలు చాలు. ఆ తర్వాత బేరింగులు పట్టేసి ఇంజన్ పోతుంది.

మార్చిలో అట్ట మీద మరకలు అరచేతంత అయ్యాక ఒక షాపుకి తీసుకెళ్ళాను. లిఫ్టు మీదకెక్కించి, పది నిమిషాలు చూసి, "రియర్ మెయిన్ సీల్ పోయింది" అన్నారు. క్రాంక్‌షాఫ్ట్ వెనక, ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే సీల్ అది. మార్చాలంటే గేర్‌బాక్సు కిందికి దించాలి. 1,400 డాలర్లు చెప్పారు. నేను ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను.

ఆ రాత్రి విజయవాడలో మా పెదనాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళు లారీలు బాగుచేశారు. ఇప్పుడు పని మానేశారు, కానీ ఇంజన్ గురించి అడిగితే గొంతు మారిపోతుంది. బండి కింద తీసిన ఫొటోలు వాట్సాప్‌లో పంపాను. కాసేపు చూసి అడిగారు.

"ఒరేయ్, ఈ బండి ఎంత స్పీడులో తిరుగుతుంది?"

"హైవే మీద డెబ్బై మైళ్ళ పైనే పెదనాన్నా."

"మరి కారిన ఆయిల్ కారిన చోటే ఉంటుందా? గాలి వెనక్కి కొట్టదూ? వెనక తడిగా ఉందని వెనకే కారుతోందంటే ఎట్లా? తడి ముందు ఎక్కడ మొదలైందో చూడు. ముందుకీ పైకీ వెతుక్కుంటూ పో."

ఈ ఒక్క మాట నాకు 1,400 డాలర్లు మిగిల్చింది. కూలర్ పైపులు ఇంజన్ ముందు ఎడమ భాగంలో ఉంటాయి. క్రింపు నుంచి పడే ఆయిల్ గాలికి కొట్టుకుని ఛాంబర్ అంతా పరుచుకుంటుంది, గేర్‌బాక్సు మొదలు దాకా పాకుతుంది. కింద నుంచి చూసేవాళ్ళకి అది రియర్ మెయిన్ సీల్ లాగానో, ఛాంబర్ గ్యాస్కెట్ లాగానో కనపడుతుంది. కావాలని మోసం చేశారని అనను. పది నిమిషాల్లో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నా గొడవల్లా, కడగకుండా చూసి పెద్ద పని చెప్పడం మీద.

ఆ శనివారం బండి కింద దూరాను. డీగ్రీజర్ కొట్టి, ఛాంబర్, పైపులు, క్రాస్‌మెంబర్ (కింద ఉండే అడ్డదూలం) అన్నీ శుభ్రంగా కడిగి, ఆరనిచ్చాను. పిల్లల బేబీ పౌడరు డబ్బా తెచ్చి పైపుల మీదా ఛాంబర్ అంచుల మీదా చల్లాను. ఆటోనగర్‌లో పాతకాలం మెకానిక్కులు చేసే పనే ఇది. పౌడరు తెల్లగా ఉన్నంతసేపూ అక్కడ లీకు లేనట్టు. ఇంజన్ స్టార్ట్ చేసి పావుగంట నడవనిచ్చి, ఆపి, టార్చి వేసి చూశాను. ఛాంబర్ అంచు చుట్టూ తెల్లగానే ఉంది. వెనక గేర్‌బాక్సు కలిసే చోటా తెల్లగానే ఉంది. కింది కూలర్ పైపు క్రింపు దగ్గర మాత్రం పౌడరు నల్లబడి, గోరు వెడల్పున ముద్దయింది. చూస్తుండగానే ఆ ముద్ద కొసన ఒక చుక్క ఊరి, పెద్దదై, జారిపోయింది. రెండు నెలల టెన్షన్‌కి మూలం అంత చిన్నది.

అయితే ఇక్కడ నేనొక తప్పు చేశాను. కొత్త పైపులు దొరకడానికి వారం పడుతుందన్నారు. ఈలోగా ఉగాదికి హ్యూస్టన్ పక్కన పెర్‌లాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్దామని ఇంట్లో ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. ఇంటికొచ్చి పనిచేసే ఒక మెకానిక్‌ని పిలిస్తే క్రింపు పక్కన రెండు హోస్ క్లిప్పులు వేసి గట్టిగా బిగించాడు. సాయంత్రం దాకా చుక్క పడలేదు. పెదనాన్న ముందే చెప్పారు, "ప్రెషర్ పైపుకి క్లిప్పు నిలవదురా" అని. విన్నాను, కానీ ఆరిన అట్టముక్కే నాకు ఎక్కువ నమ్మకంగా కనపడింది.

వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఐ-45 మీద కార్సికానా దాటాక ఏసీలోంచి కాలిన నూనె వాసన మొదలైంది. వెనక సీట్లో మా అమ్మాయి ముందు పసిగట్టింది. ఎన్నిస్ దగ్గర దిగి సిగ్నల్లో ఆగితే, 40 మీద ఉండాల్సిన సూది 15కి పడి వణుకుతోంది. బండి కదిలితే లేస్తోంది, ఆగితే పడుతోంది. ఛాంబర్‌లో ఆయిల్ తగ్గిపోయి పంపు గాలి పీలుస్తోందని దాని అర్థం. ఆ ఇంజన్‌కి వేడెక్కాక 1,000 ఆర్‌పీఎం దగ్గర కనీసం 6 పీఎస్ఐ, 2,000 దగ్గర 18 ఉండాలన్నది కంపెనీ లెక్క. ఆగి ఉన్నప్పుడు 15 అంటే ఆ కనీసానికి పైనే, కానీ సూది అలా పడి వణకడమే ప్రమాదం. ఎర్ర దీపం వెలిగేది ప్రెషర్ బాగా పడిపోయాకే. దీపం వెలగలేదు కదా అని ఇంకో ముప్ఫై మైళ్ళు లాగించి ఉంటే ఈ వ్యాసం కొత్త బండి కొనడం గురించి అయ్యుండేది. పక్కనున్న పెట్రోలు బంకులోకి తిప్పి వెంటనే ఇంజన్ ఆపేశాను. డిప్‌స్టిక్ కొసన కూడా తడి లేదు. మూడు క్వార్టులు పోస్తే గాని గీత దాకా రాలేదు. ముందుజాగ్రత్తకి ఇంకో నాలుగు క్వార్టులు కొని పెట్టుకుని, ప్రతి పదిహేను మైళ్ళకీ ఆగి చూసుకుంటూ, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ రాత్రి టో ట్రక్కు పిలిచి ఉండాల్సింది. పిల్లలతో హైవే పక్కన అన్నిసార్లు ఆగడం తప్పే.

క్లిప్పు ఎందుకు నిలవలేదో తర్వాత పాత పైపు విప్పాక అర్థమైంది. దాన్ని చేత్తో పట్టుకుని క్రింపు దగ్గర కొద్దిగా వంచాను. లోహపు తొడుగు అంచున, రబ్బరులో వెంట్రుకంత పగులు నోరు తెరిచింది. అందులోంచి నల్లటి ఆయిల్ సన్నగా ఊరింది. వంచడం ఆపితే మూసుకుపోయింది. అంటే బండి నిలబడి ఉన్నప్పుడు అక్కడ ఏమీ కనపడదు, ఇంజన్ ఊగినప్పుడే నోరు తెరుస్తుంది. తొడుగు లోపల రబ్బరు గట్టిపడి, కుంచించుకుపోయి, లోహాన్ని వదిలేసింది. తొడుగు మీద క్లిప్పు వేస్తే ఇనుము మీద ఇనుము బిగించినట్టే, లోపలి రబ్బరుకి ఆ బిగువు అందదు. తొడుగు పక్కన రబ్బరు మీద వేస్తే, ఆయిల్ కారే దారి తొడుగు లోపల ఉంది, క్లిప్పు ఉన్నది బయట. పైగా ఆ బిగువుకి ఎండిన రబ్బరు ఇంకాస్త చీలుతుంది. క్లిప్పు వేయకముందు చుక్కలుగా కారింది క్లిప్పు వేశాక ధారగా కారడానికి కారణం అదే.

ఇంతకంటే ప్రమాదమైన పని ఇంకోటి ఉంది. రబ్బరు ముక్క కోసేసి, షాపులో దొరికే హీటర్ హోస్ పెట్టి రెండు పక్కలా క్లిప్పులు వేయడం. హీటర్ హోస్ ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. అది వేడి నీళ్ళకి పనికొస్తుంది, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. చేత్తో నొక్కితే తేడా తెలియదు. పైపు పైపే కదా అనుకుంటే ఇంజన్ పోతుంది.

ఇక చాలామంది చెప్పే ఇంకో దారి, కూలర్‌నే తీసేయడం. ఇదే ఇంజన్ కూలర్ లేకుండా కూడా వచ్చింది. ఆ బళ్ళలో ఛాంబర్ పక్కన పైపులు బిగించే చోట రెండు బోల్టులతో ఒక చిన్న మూత ఉంటుంది. ఆ మూత, గ్యాస్కెట్ కొని బిగించేస్తే పైపులే ఉండవు, కారే బాధే ఉండదు. ఈ వాదనలో బలం ఉంది. చలిదేశంలో ఉండి, ట్రైలర్ లాగనివాళ్ళు అలా చేస్తే నేను తప్పుపట్టను. క్లిప్పు వేసిన పైపుకంటే అది వెయ్యిరెట్లు నయం. కానీ నేను ఉండేది డాలస్‌లో. జూలై, ఆగస్టుల్లో వంద డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. ఏడాదికి రెండుసార్లు ఎవరో ఒకరి ఇల్లు మారడానికి ట్రైలర్ తగిలించాల్సి వస్తుంది. కూలర్ పెట్టినవాళ్ళు ఆ ఎండనీ ఆ బరువునీ లెక్కలో పెట్టుకునే పెట్టారు. ఇరవై ఏళ్ళు ఇంజన్‌ని కాపాడిన భాగాన్ని, దాని పైపు ముసలిదైందని పీకేయడానికి నాకు మనసొప్పలేదు.

మూడో దారి నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాత పైపుల లోహపు చివర్లు బాగుంటే, వాటిని హైడ్రాలిక్ హోస్‌లు చేసే షాపుకి తీసుకెళ్ళి, వేడి నూనెకి తట్టుకునే కొత్త రబ్బరు వేయించి మిషన్ మీద మళ్ళీ క్రింపు కొట్టించడం. ఆటోనగర్‌లో చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ మిషన్ ముందు గంటలకొద్దీ నిలబడేవాణ్ణి. లారీ డ్రైవర్ పగిలిన పైపు భుజాన వేసుకుని వచ్చేవాడు. దాన్ని కొలిచి, కొత్త హోస్ కోసి, నిప్పిల్ దూర్చి, తొడుగు వేసి మిషన్‌లో పెడితే, చుట్టూ ఉన్న పళ్ళు ఒక్కసారి దగ్గరకొచ్చి నొక్కి వదిలేవి. టీ తాగి వచ్చేలోపు పైపు తయారు. ఇక్కడ కూడా ట్రాక్టర్లకీ, జేసీబీల్లాంటి యంత్రాలకీ పైపులు చేసే షాపులు ఊరి పారిశ్రామికవాడలో ఉంటాయి. కారు కోసం వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చని మనకి తోచదు, అంతే. కొత్త పైపులు దొరకని పాత బండి ఉన్నవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళండి. నాకు మాత్రం అప్పటికే కొత్త జత వచ్చేసింది, 95 డాలర్లు. అదే వేశాను.

బిగించడంలో కష్టం తక్కువ, జాగ్రత్త ఎక్కువ. పనంతా నాలుగు గంటలు పట్టింది. ఆయిల్ దించి, కింద ఉన్న రేకు విప్పి, ముందు రేడియేటర్ వైపు మొదలుపెట్టాను. అక్కడ పైపు చివర ఒక ప్లాస్టిక్ టోపీ ఉంటుంది. దాన్ని వెనక్కి జరిపితే సన్నటి తీగ క్లిప్పు కనపడుతుంది. కొక్కెంలాంటి సూదితో దాన్ని లాగితే పైపు తిన్నగా బయటికొస్తుంది. ఆ తీగ ఎగిరి ఎక్కడ పడుతుందో తెలియదు కాబట్టి కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. పాతది మళ్ళీ వాడకూడదు. రేడియేటర్‌లోకి బిగించి ఉన్న ఫిట్టింగ్ కూడా మార్చాల్సి వస్తే ఒక స్పానర్‌తో లోపలి గింజని కదలకుండా పట్టుకుని, రెండోదానితో విప్పాలి. ఒక్క స్పానర్‌తో తిప్పితే ప్లాస్టిక్ ట్యాంకు లోపల ఉన్న కూలర్ మెలిపడుతుంది. 95 డాలర్ల పని రేడియేటర్ మార్చే పనవుతుంది.

ఇంజన్ వైపు రెండు బోల్టులు, ఒక గ్యాస్కెట్. పాత గ్యాస్కెట్ ముక్కలు ఛాంబర్‌కి అతుక్కుని ఉంటాయి. ఛాంబర్ అల్యూమినియం, ఇనుప గోకుడుబిళ్ళతో గీస్తే గాడి పడి మళ్ళీ అక్కడే కారుతుంది. ప్లాస్టిక్‌దానితో, ఓపిగ్గా తీయాలి. నాకు ఒక్క ఆ పనికే ముప్పావుగంట పట్టింది. బోల్టులు ముందు చేత్తోనే ఎక్కించి, తర్వాత కొద్దికొద్దిగా బిగించాను. కొత్త పైపుల చివర్లలో ప్లాస్టిక్ మూతలు పెట్టి పంపుతారు, అవి నాలుగూ తీశానని లెక్క చూసుకున్నాను. ఓ-రింగులకి కొత్త ఆయిల్ రాసి, రేడియేటర్ వైపు తోస్తే 'టక్' మని శబ్దం వచ్చింది. రెండుసార్లు వెనక్కి లాగి చూశాను. రాలేదు.

కొత్త ఫిల్టర్ వేసి, 5డబ్ల్యూ-30 రకం ఆయిల్ ఆరు క్వార్టులు పోసి స్టార్ట్ చేశాను. ఖాళీగా ఉన్న పైపులు, కూలర్ నిండాలి కాబట్టి సూది లేవడానికి ఒకటి రెండు క్షణాలు ఎక్కువ పట్టింది. ఆ క్షణాలు ఎంత పొడుగ్గా ఉంటాయో అనుభవిస్తే గాని తెలియదు. 40 దాటి 50 దగ్గర నిలబడింది. ఆపి, మళ్ళీ కొలిచి, తగ్గినంత పోశాను. పాత ఆయిల్ డబ్బాలో పట్టి స్పేర్ పార్టుల షాపులో ఇచ్చాను, ఊరికే తీసుకుంటారు. డ్రైవ్‌వే మరకల మీద పిల్లుల కింద వాడే మట్టి చల్లి, చెప్పుకాలితో రుద్ది, మర్నాడు ఊడ్చాను. నీడ మాత్రం మిగిలింది.

రెండు వందల మైళ్ళు తిరిగాక మళ్ళీ కింద దూరి, పెదనాన్నకి వీడియో కాల్ చేసి, రెండు క్రింపుల మీదా టార్చి వేసి చూపించాను. పౌడరు చల్లింది చల్లినట్టే ఉంది.

"పైన సరే. లోపల చూశావా?" అన్నారు. "కూలర్ రేడియేటర్ లోపల ఉందన్నావుగా. అది లోపల చిల్లు పడితే బయట చుక్క కూడా కనపడదు. ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ఆయిలే నీళ్ళలోకి పోతుంది. నీళ్ళ మీద తెట్టు కడుతుంది, మజ్జిగలాగా. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడు. వేడి మీద తీయకు."

మర్నాడు ఆరింటికి, కాఫీ కూడా తాగకుండా, బానెట్ ఎత్తి కూలెంట్ ట్యాంకు మూత తిప్పాను. తెల్ల గుడ్డ కొస లోపల ముంచి తీసి వెలుతురులో పట్టుకుని చూశాను. నారింజ రంగు, ఇటు చూసినా అటు చూసినా అదే రంగు. మెరుపు లేదు, జిడ్డు లేదు. ఫొటో తీసి పెదనాన్నకి పంపాను.